డిగ్రీ చదివినదాన్ని, మళ్లీ మొదటి నుంచా?

కాలిఫోర్నియాలోని బే ఏరియా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 37 ఏళ్లు. గుంటూరు జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, ఆ తర్వాత ఎంపీసీ, ఆపైన మూడేళ్ల బీఎస్సీ. పెళ్లికి ముందు మూడేళ్లు ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పారు. భర్త ఉద్యోగరీత్యా పదేళ్ల కిందట అమెరికా వచ్చారు. ఆయనది ఉద్యోగ వీసా హెచ్-1బీ, ఆమెది భార్యగా వచ్చే హెచ్-4. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నారు కాబట్టి ఆమెకు పని అనుమతి పత్రం కూడా ఉంది. పెద్దమ్మాయికి పదకొండేళ్లు. చిన్నవాడు బడిలో చేరాక ఆమెకు పగలు కొంత తీరిక దొరికింది.

ఏడాదిన్నర కిందట దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చిన్నపిల్లల విద్య కోర్సుల్లో చేరారు. నాలుగు కోర్సులు, 12 యూనిట్లు (క్రెడిట్లు) పూర్తిచేశారు. మూడింటిలో ఏ గ్రేడు, ఒకదానిలో బీ. ఆ ఉత్సాహంతో కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, ఆయన ఒక ఎడ్యుకేషన్ ప్లాన్ ముద్రించి ఇచ్చారు. అందులో పిల్లల విద్యతో సంబంధం లేనట్టు కనిపించే పదకొండు కోర్సులున్నాయి. ఇంగ్లిషు వ్యాసరచన, ప్రసంగం, గణాంకశాస్త్రం, కళలు, చరిత్ర, ప్రయోగశాలతో పాటు జీవశాస్త్రం, ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని వివిధ జాతుల చరిత్ర, జీవితాల చదువు), ఇలా. "ఇవన్నీ జనరల్ ఎడ్యుకేషన్, తప్పనిసరి" అన్నారట. "నేను డిగ్రీ పాసైనదాన్ని. ఆ చదువుకు ఇక్కడ విలువే లేదా? మూడేళ్ల పిల్లలకు రంగులు నేర్పడానికి ఎత్నిక్ స్టడీస్ ఎందుకు?" అని అడుగుతున్నారు.

ఇంట్లో భర్త మాట వేరు. ఇన్నేళ్లు ఇవన్నీ చదివే బదులు మూడు నెలల టెస్టింగ్ శిక్షణ తీసుకుని ఐటీలో చేరవచ్చు కదా అంటారు. డల్లాస్‌లో ఉన్న తోటికోడలు ఇక్కడే ఎమ్మెస్ చేసి ఉద్యోగం చేస్తోంది. పండుగ రోజు ఫోను చేసినప్పుడల్లా అత్తగారు ఆ విషయం గుర్తు చేస్తారు.

ఉత్తరం చివరి పేజీలో, ఇంకో రంగు సిరాతో, ఆమె మరో సంగతి రాశారు. అది ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "కిందటి సెమిస్టర్‌లో ప్రసంగం కోర్సు తీసుకున్నాను. మొదటి ప్రసంగం నాలుగు నిమిషాలు. మా బడిలో చింతపిక్కలతో పిల్లలకు లెక్కలు ఎలా నేర్పేదాన్నో చెప్పాలనుకున్నాను. కాగితం మీద రాసుకుని వారం రోజులు బట్టీపట్టాను. లేచి నిలబడ్డాను. రెండో వాక్యం దగ్గర ఒక పిల్లవాడు పక్కవాడి వైపు చూసి నవ్వాడు. నన్ను చూసే నవ్వాడో కాదో తెలియదు. నాకు గొంతు ఆగిపోయింది. క్షమించండి అని చెప్పి బయటికి వచ్చేశాను. కారులో కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత మళ్లీ ఆ క్లాసుకు వెళ్లలేదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ పడింది. మా ఆయనకు మాత్రం టైమింగ్ కుదరక మానేశానని చెప్పాను."

ఈ చదువు కొనసాగించాలా, 12 యూనిట్లతో ఆపేసి ఏదైనా ప్రీస్కూల్లో చేరాలా, లేక ఇదంతా వదిలేయాలా అని ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం చివరి పేజీని నేను ముందు చదివినట్లయితే మిగతా ఐదు పేజీలు నాకు వేరుగా అర్థమయ్యేవి. మీరు రెండు బరువులను ఒకే సంచిలో వేసుకుని మోస్తున్నారు. ఒకటి, ఈ కోర్సుల నిబంధనల చిక్కు. రెండోది, ఆ రోజు ఆగిపోయిన గొంతు. "ఇవన్నీ ఎందుకు?" అని మీరు అడిగిన ప్రతిసారీ అందులో కొంత నిజమైన ప్రశ్న ఉంది, కొంత ఆ నాలుగు నిమిషాల నొప్పి ఉంది. రెండిటినీ విడదీస్తే తప్ప దేనికీ సరైన జవాబు దొరకదు. ముందు నిబంధనల సంగతి చూద్దాం, అది తేలిక.

కౌన్సెలర్ ఆ కాగితం ఇచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగి ఉంటారు: మీరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు అని. మీరు దానికి ఏం చెప్పారో ఉత్తరంలో లేదు. "డిగ్రీ చేయాలని ఉంది" అనో, "ఏది మంచిదైతే అది" అనో చెప్పి ఉంటారని నా ఊహ. ఆ జవాబుకు వచ్చిన ప్లాన్ అది. ఆ పదకొండు కోర్సుల పట్టిక పేరు కాల్‌గెట్‌సీ. 2021లో కాలిఫోర్నియా చేసిన ఒక చట్టం వల్ల, 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) విశ్వవిద్యాలయాలకు ఒక పట్టిక, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) విశ్వవిద్యాలయాలకు మరొకటి ఉండేవి. పిల్లలు ఎటు వెళ్లాలో తేల్చుకోలేక అదనపు కోర్సులు చదివి నష్టపోతున్నారని రెండిటికీ కలిపి 34 యూనిట్ల ఒకే పట్టిక చేశారు. ప్రతి కోర్సులోనూ కనీసం సీ గ్రేడు రావాలి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల చదువు ముగించి నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారాలనుకునేవారి కోసం చేసిన పట్టిక అది. మీరు ప్రీస్కూల్ టీచరు కావడానికి దాన్ని ఎవరూ అడగరు.

ఈ ముక్క మీకు ఎవరూ విడమరచి చెప్పలేదు. జనరల్ ఎడ్యుకేషన్ అనగానే మనకు ఒకే గోడలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో రకంగా ఉంటుంది. కాల్‌గెట్‌సీ ఒక గుమ్మం. అదే కాలేజీలో, ఎక్కడికీ మారకుండా అక్కడే అసోసియేట్ డిగ్రీ పుచ్చుకునేవారికి ఇంకో చిన్న పట్టిక ఉంటుంది, దానికి కనీసం 21 యూనిట్లు చాలు. చిన్నపిల్లల టీచర్లకు రాష్ట్రం ఇచ్చే పర్మిట్‌ది మరో లెక్క. ప్రైవేటు ప్రీస్కూలు అసలు జనరల్ ఎడ్యుకేషన్ ఊసే ఎత్తదు. మీరు ఏ గుమ్మం ముందు నిలబడ్డారో తెలియకుండా అన్నిటికన్నా పెద్ద తాళంచెవి తయారు చేయించుకుంటున్నారు.

ఇక "నా డిగ్రీకి విలువే లేదా" అన్న ప్రశ్న. ఇది మిమ్మల్ని బాగా గుచ్చుకుందని మీ అక్షరాలే చెబుతున్నాయి. జవాబు కూడా గుమ్మాన్ని బట్టే మారుతుంది. కాల్‌గెట్‌సీ కింద, అమెరికా గుర్తింపు సంస్థల గుర్తింపు లేని విదేశీ కళాశాలల కోర్సులు లెక్కలోకి రావు. మీరు డిగ్రీలో క్యాలిక్యులస్ చదివినా సరే, ఆ పట్టికలోని గణితం గడి నిండదు. ఇది మీ ఒక్కరి మీద వేసిన తీర్పు కాదు. ఏ విదేశీ విశ్వవిద్యాలయంలో చదివినవారికైనా ఇదే నియమం. అయితే పర్మిట్ దగ్గర కథ వేరు. రాష్ట్ర టీచర్ అర్హతల కమిషన్, విదేశీ చదువును తాను ఆమోదించిన సంస్థల చేత కోర్సువారీగా మదింపు చేయించుకుని రమ్మంటుంది. అందరూ ఇవాల్యుయేషన్ అంటారే, అదే. ఆ నివేదికలో మీ బీఎస్సీ సబ్జెక్టులు అమెరికా యూనిట్లలోకి మారి కనిపిస్తాయి.

ఇక్కడ మీ పాత మార్కుల జాబితా ఒకసారి తీసి చూడండి. మనం డిగ్రీలో గ్రూపు సబ్జెక్టులనే చదువుగా లెక్కపెట్టాం. పార్ట్-1 ఇంగ్లిషు, పార్ట్-2 తెలుగు, ఫౌండేషన్ కోర్సు పేరుతో వచ్చిన భారతీయ వారసత్వం-సంస్కృతి, పర్యావరణం, ఇవన్నీ పరీక్షకు ముందు రాత్రి చదివి మరిచిపోయాం. మీ జాబితాలోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. జనరల్ ఎడ్యుకేషన్ గడులను నింపగలిగేవి అవే. చైల్డ్ డెవలప్‌మెంట్ టీచర్ పర్మిట్‌కు చిన్నపిల్లల విద్యలో 24 యూనిట్లు, వాటితో పాటు జనరల్ ఎడ్యుకేషన్ 16 యూనిట్లు కావాలి. ఆ 16 నాలుగు రంగాల్లో ఉండాలి: ఇంగ్లిషు లేదా భాషా శాస్త్రాలు, గణితం లేదా సైన్సు, సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు లేదా కళలు. ప్రతి రంగంలోనూ ఒక్క కోర్సయినా ఉండాలి. మీ ఎంపీసీ డిగ్రీతో గణితం-సైన్సు గడి నిండిపోవడం దాదాపు ఖాయం. ఇంగ్లిషు, సామాజిక శాస్త్రాలు ఎంత వరకు నిండుతాయో నివేదిక వస్తేనే తేలుతుంది. ఖాళీ మిగిలినా అది ఒకటి రెండు కోర్సులకు మించకపోవచ్చు.

కాబట్టి మరో జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరే ముందు ఇవాల్యుయేషన్ చేయించండి. అది లేకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా చీకట్లో రాయి వేయడమే. కమిషన్ ఆమోదించిన సంస్థల జాబితాలో ఉన్నదాన్నే ఎంచుకోండి. తోటికోడలు ఎమ్మెస్ కోసం చేయించిన సంస్థ ఆ జాబితాలో లేకపోవచ్చు, అప్పుడు డబ్బు రెండుసార్లు కట్టాలి. కోర్సువారీ నివేదికే అడగండి, డిగ్రీ మొత్తానికి ఒక్క వాక్యంలో ఇచ్చేది పనికిరాదు. విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌లు తెప్పించడానికి ఊళ్లో ఎవరైనా ఒకరు తిరగాల్సి వస్తుంది. కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఈ నెలలోనే మొదలుపెట్టండి.

ఆ నివేదికలో ఇంకొక గీత చూడండి. మీ మూడేళ్ల బీఎస్సీని అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని రాశారా, లేక మూడేళ్ల కళాశాల చదువు అని మాత్రమే రాశారా? ఇందులో సంస్థకూ సంస్థకూ తేడా ఉంటుంది. కొన్ని సంస్థలు విశ్వవిద్యాలయానికి ఉన్న న్యాక్ గుర్తింపునూ, మీకు వచ్చిన శ్రేణినీ చూసి సమానమని ఇస్తాయి. ఈ ఒక్క గీత మీద మీ దారి పూర్తిగా మారిపోతుంది. సమానమని వస్తే, మళ్లీ ఇంకో బ్యాచిలర్ డిగ్రీ కోసం కాల్‌గెట్‌సీ చదవడంలో అర్థం లేదు. ప్రభుత్వ పాఠశాల టీచరు కావాలన్న ఆలోచన ఉంటే నేరుగా టీచర్ శిక్షణ కార్యక్రమాలకే దరఖాస్తు గురించి అడగవచ్చు.

దారుల గురించి చెబుతాను. ఏది పట్టుకోవాలో మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో దారికీ ఒక్కో సుంకం ఉంది, దాన్ని కట్టేది మీరు.

12 యూనిట్లతో ఆపేసి ప్రైవేటు ప్రీస్కూల్లో చేరడం అన్నిటికన్నా దగ్గరి దారి. రాష్ట్ర లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం, కావలసిన మూల కోర్సులు అందులో ఉంటే, మీరు ఇప్పటికే టీచరుగా చేరడానికి అర్హులు. ఆరు నెలల అనుభవం కూడా తోడైతే అర్హత పూర్తవుతుంది. వేలిముద్రలు, క్షయ పరీక్ష, టీకాల కాగితాలు అడుగుతారు. జనరల్ ఎడ్యుకేషన్ ఒక్క యూనిట్ కూడా అక్కర్లేదు. చేతికి జీతం వస్తుంది. రోజూ పిల్లల మధ్య ఉంటారు. అంతకన్నా ముఖ్యం, ఈ పని మీకు నిజంగా నచ్చుతుందో లేదో తెలుస్తుంది. ఇక్కడి తరగతి గది మీ ఊరి తరగతి గదిలా ఉండదు. డైపర్లు మార్చడం, నేల తుడవడం, ప్రతి చిన్న దెబ్బకూ కాగితం రాయడం కూడా ఉద్యోగంలో భాగమే. దీని సుంకం ఏమిటంటే, ప్రైవేటు ప్రీస్కూళ్లలో జీతాలు తక్కువ, పైకి ఎదగడానికి మెట్లు కొద్ది. ఇంట్లో ఇప్పటికే ఐటీ జీతాలతో పోలిక నడుస్తోంది కాబట్టి, మొదటి జీతం చూసి ఆ పోలిక ఇంకా గట్టిపడవచ్చు. దానికి సిద్ధపడి చేరండి.

టీచర్ పర్మిట్ మధ్య దారి. ఉద్యోగం చేస్తూనే సెమిస్టర్‌కు ఒకటి రెండు చొప్పున పిల్లల విద్యలో ఇంకో 12 యూనిట్లు పూర్తిచేయాలి. నాలుగేళ్ల లోపు 175 రోజులు, రోజుకు కనీసం మూడు గంటల చొప్పున పనిచేసిన అనుభవం చూపించాలి. జనరల్ ఎడ్యుకేషన్ 16 యూనిట్లలో ఎక్కువ భాగం మీ బీఎస్సీ నుంచే రావచ్చు. పర్మిట్ చేతికి వస్తే ప్రభుత్వ నిధులతో నడిచే పిల్లల కేంద్రాల్లో ఉద్యోగాలకు అర్హత వస్తుంది. పర్మిట్ ఐదేళ్లు చెల్లుతుంది, పునరుద్ధరణకు 105 గంటల వృత్తి శిక్షణ కావాలి. మీ పరిస్థితికి ఇది బాగా అమరుతుందని నాకనిపిస్తోంది. అనిపించడం వేరు, మీ నివేదిక వేరు. అందులో సామాజిక శాస్త్రాల గడి ఖాళీగా ఉంటే ఒక కోర్సు చదవాల్సి వస్తుంది, అంతే. ఈ దారిలో ప్రసంగం కోర్సు తప్పనిసరి కాదు. మీకు ఇది ఊరటగా అనిపిస్తుందని తెలుసు. ఆ ఊరట ఒక్కటే కారణంగా మాత్రం ఈ దారి ఎంచుకోవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

కాల్‌గెట్‌సీ పూర్తిచేసి అసోసియేట్ డిగ్రీతో కాల్ స్టేట్‌కు మారడం దూరపు దారి. బదిలీ కోసం ఉద్దేశించిన అసోసియేట్ డిగ్రీ ఉంటే ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. మీ ఇంటి పక్క క్యాంపస్‌లోనే అని మాత్రం హామీ లేదు. మొత్తం 60 యూనిట్లు కావాలి, మీ దగ్గర 12 ఉన్నాయి. మిగిలిన 48 అంటే దాదాపు పదహారు కోర్సులు. సెమిస్టర్‌కు రెండు చొప్పున చదివితే నాలుగేళ్లు, వేసవి తరగతులు కలుపుకుంటే మూడేళ్లు. ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో రెండేళ్లు. అప్పటికి మీ పెద్దమ్మాయి హైస్కూల్లో ఉంటుంది. ఈ దారి చివర ఉన్నది చిన్నది కాదు. కాలిఫోర్నియా 2025-26 నుంచి నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ ప్రభుత్వ పాఠశాలల్లో కిండర్‌గార్టెన్‌కు ముందుండే టీకే తరగతిలో చోటిస్తోంది. ఆ తరగతులకు బ్యాచిలర్ డిగ్రీ, టీచర్ క్రెడెన్షియల్ (బోధనకు రాష్ట్రం ఇచ్చే అర్హత పత్రం) ఉన్నవారు కావాలి. ప్రీస్కూలు నుంచి మూడో తరగతి దాకా చెప్పడానికి ప్రత్యేకంగా ఒక క్రెడెన్షియల్ కూడా తెచ్చారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మూడేళ్లు చెప్పిన మనిషికి ఇది దూరమైన కల కాదు.

ఖర్చు గురించి మీ ఆయనకు ఉన్న బెంగకు ఒక లెక్క చెప్పండి. రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. కాల్‌గెట్‌సీ మొత్తం 34 యూనిట్లకు 1,564 డాలర్లు, పుస్తకాలు, ఇతర చిన్న ఫీజులు అదనం. హెచ్-4 మీద ఉన్నవారు కూడా ఏడాదికి పైగా అక్కడ స్థిరంగా ఉన్నట్టు చూపిస్తే నివాసులుగా నమోదు కావచ్చు. మీ ఫీజు రసీదులో అలా ఉందో లేదో ఒకసారి చూసుకోండి, బయటి రాష్ట్రంవారి ఫీజు అయితే దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. డబ్బు పరంగా ఇది భయపడాల్సినది కాదు. అసలు ఖర్చు సాయంత్రాలు. హోంవర్కులు, వంట, చిన్నవాడి ఈతా అన్నీ ఉన్న ఇంట్లో ఆ సాయంత్రాలు ఎవరు సర్దుకుంటారన్నదే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. పని అనుమతి పత్రం గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా ఆ సంభాషణలో ఉండాలి. చదువు ఆ పత్రంతో ముడిపడి లేదు, హెచ్-4 ఉన్నంత కాలం చదవవచ్చు. ఉద్యోగం మాత్రం దానితోనే ముడిపడి ఉంది.

టెస్టింగ్ కోర్సు సంగతి ఒక్క మాటలో: మీ ఉత్తరంలో ఆరు పేజీల్లో ఒక్కచోట కూడా మీకు అది కావాలని లేదు.

ఇప్పుడు "ఎత్నిక్ స్టడీస్ ఎందుకు" అన్న ప్రశ్నకు వస్తాను. దూరపు దారి ఎంచుకుంటేనే మీరు అది చదవాలి. అయినా దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీకు ఎవరో దాన్ని పనికిరాని సబ్జెక్టుగా చూపించారు. మన దగ్గర పదహారేళ్లు రాకముందే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గీత గీసేస్తారు. గీతకు ఇవతల ఉన్నవాడు అవతలివాడి పుస్తకం ముట్టుకోనక్కర్లేదు. మార్కుల కోసం తెలుగును కూడా వదిలేసి సంస్కృతం తీసుకున్నవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. అందుకే లెక్కల మనిషి చరిత్ర ఎందుకు చదవాలన్న ప్రశ్న మనకు సహజంగా వస్తుంది. అమెరికా కళాశాల వ్యవస్థ ఆ గీత గీయదు. ఏ వృత్తిలోకి వెళ్లేవారైనా కొంత భాష, కొంత గణితం, కొంత చరిత్ర, కొంత విజ్ఞానం తెలిసి ఉండాలని అనుకుంటుంది. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. వయసు మీరి, ఇల్లు నడుపుతూ చదివేవారికి ఆ పట్టిక బరువే, కాదనను.

ఎత్నిక్ స్టడీస్ మాత్రం పైనుంచి రుద్దిన సబ్జెక్టు కాదు. మీకు గంట దూరంలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో 1968 నవంబరులో నల్లజాతి, లాటినో, ఆసియా, మూలవాసి విద్యార్థులు సమ్మెకు దిగి, 1969 మార్చి దాకా పోరాడి సాధించుకున్న చదువు అది. 2020లో కాల్ స్టేట్ విద్యార్థులందరికీ దాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆసియన్ అమెరికన్ చరిత్ర కోర్సు తీసుకుంటే మీ ఇంటి కథే అందులో కనిపిస్తుంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో చట్టం మారింది. పదేళ్లకు, 1956లో, దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 1965 వలస చట్టం వచ్చి దేశాలవారీ పాత కోటాలు పోయాయి కాబట్టే తర్వాతి తరాల్లో మనవాళ్లు ఇంతమంది వెళ్లగలిగారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న నియమం వల్లే మీ ఆయన ఇన్నేళ్లుగా వరుసలో నిలబడి ఉన్నారు. మన కనిగిరి నుంచి చదువు కోసం వెళ్లిన దరిశి చెంచయ్య అక్కడే భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసిన గదర్ పార్టీలో చేరారు. మీ తరగతిలో రేపు ఒక మెక్సికన్ పిల్ల, ఒక వియత్నామీ పిల్లవాడు, ఒక తెలుగు పిల్ల పక్కపక్కనే కూర్చుంటారు. ఆ ముగ్గురి ఇళ్లూ ఎలాంటి దారుల్లో అక్కడికి చేరాయో తెలిసిన టీచరుకూ, తెలియని టీచరుకూ తేడా ఉంటుంది. ఈ కోర్సు మీకు తప్పనిసరి కాకపోయినా, ఎప్పుడో ఒకప్పుడు మీ ఇష్టం కొద్దీ చదవాలని నా కోరిక.

ఇక ఆ నాలుగు నిమిషాలు.

ముందు కాగితం సంగతి. డబ్ల్యూ అంటే మానుకున్నట్టు, తప్పినట్టు కాదు. అది మీ గ్రేడు సగటులో చేరదు. అయితే ఒక కోర్సును మామూలుగా మూడుసార్ల దాకానే తీసుకోనిస్తారు, డబ్ల్యూ కూడా అందులో ఒకసారి కిందే లెక్క. మీకు ఇంకా అవకాశం ఉంది. ఇంకోసారి ఏదైనా కోర్సు మానుకోవాల్సి వస్తే మొదటి వారాల్లోనే, డబ్ల్యూ పడని గడువు లోపల మానుకోండి. ఆ తేదీ ప్రతి కోర్సుకూ రాసి ఉంటుంది.

మీరు 40 మంది పిల్లల ఎదుట మూడేళ్లు గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి. కాబట్టి మీ భయం మాట్లాడటమంటే కాదు. ఇంగ్లిషులో, మీ ఉచ్చారణతో, మీ వయసులో సగం ఉన్నవారి ఎదుట మాట్లాడటమంటే. ఇది చాలా మందికి ఉన్న భయమే, కానీ అది మీకు ఇప్పుడు ఓదార్పు కాదని తెలుసు. ఒక చిన్న గమనింపు చెబుతాను. మీరు వారం రోజులు బట్టీపట్టానని రాశారు. బట్టీపట్టిన ప్రసంగంలో ఒక మాట జారితే తర్వాతి మాట దొరకదు, తాడు తెగినట్టే. మీ బడిలో మీరు పాఠం ఎప్పుడైనా బట్టీపట్టి చెప్పారా? చింతపిక్కలు గుప్పిట్లో పట్టుకుని వెళ్లేవారు, మాట దానంతట అదే వచ్చేది. ఈసారి కాగితం వదిలేసి, గుప్పెడు చింతపిక్కలు పట్టుకెళ్లండి. చేతిలో వస్తువు ఉంటే చూపు దాని మీదికి వెళుతుంది, మీదీ, వాళ్లదీ కూడా.

కాలేజీలో దీనికి సాయం ఉంటుంది. మొదటి వారంలోనే ప్రొఫెసర్ ఆఫీసు గంటల్లో కలిసి జరిగింది చెప్పండి. ముందుగా ఆయన ఒక్కరి ఎదుటే చెప్పి చూసే అవకాశం అడగండి. చాలా కాలేజీల్లో ప్రసంగాలు సాధన చేసుకోవడానికి ట్యూటర్లు ఉంటారు. కొన్నిచోట్ల చిన్న బృందాల చర్చ మీద నడిచే కోర్సు కూడా ఈ గడిని నింపుతుంది, మీ కాలేజీ పట్టికలో ఉందేమో చూడండి. గొంతు ఆగిపోవడంతో పాటు గుండెదడ, ఊపిరాడనితనం కూడా మళ్లీ మళ్లీ వస్తుంటే కళాశాల ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలింగ్ తీసుకోండి. డాక్టరు నిర్ధారిస్తే వికలాంగ విద్యార్థుల సేవా విభాగం ద్వారా కొన్ని వెసులుబాట్లు కూడా ఇస్తారు.

పర్మిట్ దారిలో ప్రసంగం కోర్సు లేదని ఊరట పడి ఆగిపోవద్దని ఇందుకే అన్నాను. ప్రీస్కూల్ టీచరు రోజూ పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి ఇంగ్లిషులో కథ చదవాలి, సాయంత్రం తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఆ పిల్లవాడి నవ్వు మీతో పాటు ఆ గదిలోకి కూడా వస్తుంది. కోర్సు తీసుకోకపోయినా ఆ భయంతో పని పెట్టుకోండి. కోర్సు తీసుకోవాలా వద్దా అన్నది మీ దారిని బట్టి తేల్చండి, భయాన్ని బట్టి కాదు.

మీ ఆయనకు నిజం చెప్పండి. నేను చెప్పమంటున్నది మీ తప్పు ఒప్పుకోమని కాదు, ఇందులో తప్పే లేదు. ఆయన తన దగ్గరున్న సమాచారంతో వాదిస్తున్నారు. టైమింగ్ కుదరలేదని కోర్సు మానేసిన మనిషిగా మిమ్మల్ని చూస్తున్నారు. దాని మీద "నీకు పట్టుదల లేదు, మూడు నెలల కోర్సు చాలు" అన్న అభిప్రాయం కట్టుకున్నారు. ఆ రోజు కారులో ఏం జరిగిందో తెలిస్తే ఆయన సలహా మారుతుందో లేదో నేను చెప్పలేను, కానీ అప్పటి నుంచి మీరిద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుకుంటారు. ఈ దారుల ఫీజు, సమయం లెక్కలు ఒక కాగితం మీద వేసి పక్కన పెట్టుకుని చెప్పండి. తోటికోడలి సంగతి ఆ కాగితం మీద రాయకండి.

ఆ ప్రసంగం కాగితం ఇంకా మీ దగ్గర ఉందని రాశారు, పారేయడానికి మనసు రాలేదని కూడా. ఉంచండి. ఈ ఆదివారం వంటింట్లో మీ అమ్మాయిని కూర్చోబెట్టి, కాగితం చూడకుండా, చింతపిక్కలు ముందు పోసుకుని, అదే సంగతి ఇంగ్లిషులో చెప్పండి. ఎక్కడైనా ఆగితే ఆగండి, పిక్కలు ఇంకోసారి లెక్కపెట్టి మళ్లీ అందుకోండి. నాలుగు నిమిషాలే కదా.